ఆపరేషన్‌కు ముందు తీసే చిత్రాలు: రొమ్ము క్యాన్సర్ ఇమేజింగ్ సేవపై ఒక రోగి చెల్లెలి సమీక్ష

రొమ్ము క్యాన్సర్ ఉందని తేలిన తరువాత, ఆపరేషన్‌కు ముందు తీసే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఎమ్మారై చిత్రాలు ఏ మేరకు పనికివచ్చాయన్నది ఈ సమీక్షలోని విషయం. మా అక్క ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలిన నాటి నుంచి ఆమెను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకువెళ్ళిన నాటి వరకు, సుమారు ఐదు వారాల పాటు, రెండు చోట్ల ఈ సేవను దగ్గరుండి చూశాను. మొదటిది అన్ని రకాల స్కానింగులూ చేసే మామూలు కేంద్రం. రెండోది రొమ్ము వ్యాధులకు విడిగా ఒక విభాగం ఉన్న ఆసుపత్రి. రెండింటి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. మొదటి దానికి ఐదుకు రెండు మార్కులు, రెండో దానికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. యంత్రాలు రెండు చోట్లా ఇంచుమించు ఒకే స్థాయివి. అయితే రెండో చోట ప్రతి పరీక్షకూ ముందు ‘దీని ఫలితాన్ని బట్టి ఆపరేషన్‌లో ఏం మారుతుంది’ అని ఎవరో ఒకరు అడిగారు. మొదటి చోట ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

మొదటి కేంద్రం ఇచ్చిన నివేదిక మూడే మూడు వాక్యాలు. ఎడమ రొమ్ములో అనుమానించదగిన గడ్డ ఉందని, అది బైరాడ్స్ 4 వర్గానికి చెందుతుందని, బయాప్సీ చేయించుకోవాలని రాశారు. రాసినదాంట్లో తప్పేమీ లేదు, కానీ సర్జన్ చేతికి అందితే దానితో ఆయన చేయగలిగింది కూడా ఏమీ లేదు. బైరాడ్స్ అనేది చిత్రంలో కనిపించినదాని మీద క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే, 0 నుంచి 6 వరకు ఉండే వర్గీకరణ. అందులో 4 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి పైన, 95 శాతానికి లోపు ఎక్కడైనా ఉండవచ్చునని అర్థం. ఇంత వెడల్పు ఉంది కాబట్టే దాన్ని 4ఎ, 4బి, 4సి అని మళ్ళీ విభజించారు. మొదటిది 10 శాతం వరకు, రెండోది 50 శాతం వరకు, మూడోది ఆపైన. ఒట్టి ‘4’ అని రాసి ఊరుకోవడం, వాన పడవచ్చు, పడకపోవచ్చు అని చెప్పినట్టే ఉంటుంది. గడ్డ గడియారంలో ఏ గంట దిక్కున ఉందో, చనుమొనకు ఎంత దూరంలో ఉందో, రొమ్ము కణజాలం ఎంత దట్టంగా ఉందో నివేదికలో లేదు. రొమ్ము క్యాన్సర్ పాకితే సాధారణంగా ముందు చేరే చంకలోని లింఫ్ గ్రంథులను చూశారో లేదో కూడా తెలియదు. చిత్రాలను ఫిల్ము మీద అచ్చువేసి ఇచ్చారు గానీ, డిస్కు అడిగితే వారం పడుతుందన్నారు. ఈ చివరి అంశానికే ఒక మార్కు పూర్తిగా కోసేశాను. రెండో చోట రేడియాలజిస్టు ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, “అమ్మా, ఇందులో నేను కొలతలు తీసుకోలేను, మళ్ళీ తీయాల్సిందే” అన్నారు. అప్పటికే ఒకసారి మామోగ్రామ్ పలకల మధ్య ఆ నొక్కుడు భరించిన అక్క ఏమీ అనలేదు. నేను మాత్రం అనాల్సినవన్నీ మనసులో అనుకున్నాను.

రెండో చోట మామోగ్రామ్‌ను త్రీడీ పద్ధతిలో, అంటే టోమోసింథసిస్‌తో, పొరలు పొరలుగా తీశారు. అక్కకు 46 ఏళ్ళు. రొమ్ము కణజాలం దట్టమైనది. దట్టమైన కణజాలం మామోగ్రామ్‌లో తెల్లగా కనిపిస్తుంది, కణితి కూడా తెల్లగానే కనిపిస్తుంది, కాబట్టి ఒకదాని చాటున మరొకటి దాగిపోతుంది. మామోగ్రామ్‌లో అక్క కణితి 1.4 సెంటీమీటర్లు ఉన్నట్టు కనిపించింది. అదే రోజు అదే గదికి ఆనుకుని ఉన్న గదిలో అల్ట్రాసౌండ్‌లో కొలిస్తే 2.6 సెంటీమీటర్లు వచ్చింది. ఆ తేడాను ఆ డాక్టరు గారు దాచిపెట్టకుండా, రెండు కొలతలనూ పక్కపక్కన రాసి, ఎందుకు తేడా వచ్చి ఉంటుందో కూడా రాశారు. సూదితో ముక్కలు తీసి పరీక్షకు పంపారు. తీసిన చోట ఆవగింజ అంత లోహపు క్లిప్ ఒకటి గుర్తుగా వదిలారు. నాలుగు రోజుల తరువాత వచ్చిన పాథాలజీ నివేదికతో తేడాకు కారణం తెలిసింది. అది లోబ్యులర్ రకం క్యాన్సర్. ఈ రకంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండవు; ముద్దగా కట్టకుండా ఒకదాని వెనుక ఒకటి వరుసగా, చీమల బారులాగా, కణజాలం మధ్యకు చొచ్చుకుపోతాయి. అందుకే మామోగ్రామ్‌లో దాని అసలు పరిమాణం కంటే చిన్నదిగా కనిపించడం, ఒక్కోసారి అసలే కనిపించకపోవడం తరచుగా జరుగుతుంది.

ఎమ్మారై ప్రస్తావన ఇక్కడ వచ్చింది. రొమ్ము క్యాన్సర్ తేలిన ప్రతి ఒక్కరికీ ఎమ్మారై తీయాలా అన్న ప్రశ్న మీద వైద్యుల మధ్య ఏళ్ళ తరబడి వాదన నడుస్తున్నదని నాకు తెలుసు. అందుకే సర్జన్ గారిని నేరుగానే అడిగాను, ఇది అవసరమా లేక ఆనవాయితీయా అని. ఆయన నొచ్చుకోలేదు. 2010లో యూసోమా అనే యూరోపియన్ నిపుణుల సంఘం ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై ఎవరికి తగునో సూచించిందని, కొత్తగా లోబ్యులర్ క్యాన్సర్ తేలినవారు, వంశపారంపర్యంగా ముప్పు ఎక్కువున్నవారు, 60 ఏళ్ళలోపు వయసుండి మామోగ్రామ్‌కూ అల్ట్రాసౌండ్‌కూ మధ్య కణితి కొలతలో ఒక సెంటీమీటరుకు మించి తేడా వచ్చి, ఆ తేడా వల్ల చికిత్స మారే అవకాశం ఉన్నవారు, రొమ్ములో కొంత భాగానికే రేడియేషన్ ఇవ్వదలచినవారు ఆ జాబితాలో ఉన్నారని, అక్కకు అందులో రెండు వర్తిస్తాయని వివరించారు. ఆ తరువాత పరీక్ష కోరుతూ రాసే కాగితం మీద ఆయన రాసింది నేను చదివాను: “లోబ్యులర్. కొలతల్లో 1.2 సెం.మీ. తేడా. రొమ్ము నిలిపి ఆపరేషన్ చేయవచ్చునా?” ఆ కాగితం మీద ఉన్న ప్రశ్నార్థకం ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది. రేడియాలజిస్టు దేనికి జవాబు చెప్పాలో ఆమెకు ముందే తెలిసింది.

ఇక ఎమ్మారై తీసిన రోజు. వెళ్ళగానే నర్సు గారు కిడ్నీల పరీక్ష ఫలితం చూశారు. ఇంజెక్షన్‌గా ఇచ్చే గాడోలినియం మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. తరువాత నెలసరి ఎప్పుడు వచ్చిందని అడిగారు. రొమ్ము ఎమ్మారైకి నెలసరి మొదలైన 7వ రోజు నుంచి 14వ రోజు లోపు అనువైన కాలం, ఎందుకంటే ఆ తరువాతి రోజుల్లో హార్మోన్ల ప్రభావంతో మామూలు కణజాలం కూడా మందును పీల్చుకుని వెలుగుతుంది. అక్కకు అది 21వ రోజు. వాయిదా వేస్తారేమో అనుకున్నాం. క్యాన్సర్ ఉందని తేలిపోయిన వారికి వైద్యం ఆలస్యం చేయడం మంచిది కాదని, అందుకని ఈ నియమాన్ని పట్టుకుని కూర్చోబోమని, కాకపోతే ఆ విషయం నివేదికలో రాస్తామని చెప్పారు. రాశారు కూడా.

బల్ల మీద బోర్లా పడుకోవాలి. రొమ్ముల కోసం బల్లలో రెండు గుంతలుంటాయి, వాటి చుట్టూ కాయిల్ అనే తీగచుట్ట ఉంటుంది. రొమ్ములు దేనికీ ఆనకుండా అందులోకి వేలాడాలి. చేతులు తలపైకి చాపాలి, ముఖం ఒక దిండు మీద ఆనించాలి. లోపల ఎవరో ఇనుప తలుపును సుత్తితో బాదుతున్నట్టు మోత. సుమారు ఇరవై అయిదు నిమిషాలు కదలకూడదు. చెవులకు హెడ్‌ఫోన్, చేతికి ఒక రబ్బరు బంతి ఇచ్చారు, భరించలేకపోతే నొక్కమన్నారు. అక్క నొక్కలేదు, కానీ బయటికి వచ్చాక ఆమె రొమ్ముల మధ్య ఎముక దగ్గర బల్ల అంచు అచ్చు ఎర్రగా పడి ఉంది. అక్కడ ఇంకొంచెం మెత్త వేస్తే ఏం పోయిందో నాకు అర్థం కాలేదు. ఇదే మాట సలహాల పుస్తకంలో రాసి వచ్చాను.

ఆ ఇరవై అయిదు నిమిషాల్లో జరిగేదేమిటంటే, మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక పలుమార్లు, అదే రొమ్మును అదే స్థితిలో చిత్రిస్తారు. తరువాతి చిత్రాల నుంచి మొదటి చిత్రాన్ని కంప్యూటర్‌లో తీసివేస్తే, మందు పీల్చుకున్న చోట్లు మాత్రమే మిగులుతాయి. కణితికి రక్తనాళాలు కొత్తగా, లెక్కకు మించి, గట్టిదనం లేకుండా పుట్టుకొస్తాయి కాబట్టి అది మందును త్వరగా పీల్చుకుని, చాలాసార్లు త్వరగానే వదిలేస్తుంది. ఆకారం ఒక్కటే చూపే మామోగ్రామ్‌కు, రక్తం ఎలా పారుతున్నదో చూపే ఎమ్మారైకి తేడా ఇదే. ఉన్న క్యాన్సర్‌ను పట్టుకోవడంలో దీన్ని మించిన చిత్రం లేదు. కానీ మందును పీల్చుకునేదల్లా క్యాన్సర్ కాదు.

రెండు రోజుల తరువాత ఫోన్ వచ్చింది. “ఇంకో పరీక్షకు రావాలి, రేపు పదింటికి రండి” అన్నారు, అంతే. ఎందుకని అడిగితే డాక్టరు గారే చెబుతారన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. ఈ సేవకు ఐదుకు ఐదు ఇవ్వకపోవడానికి మొదటి కారణం ఈ ఫోన్. ఎమ్మారైలో కొత్త మచ్చలు కనిపించడం మామూలేనని, అందులో చాలావరకు క్యాన్సర్ కాదని తేలుతుందని, అయినా ప్రతిదాన్నీ బయాప్సీతో తేల్చుకున్నాకే ఆపరేషన్ గురించి నిర్ణయిస్తారని, ఈ నాలుగు మాటలు పరీక్షకు ముందు ఒక కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది.

విషయమేమిటంటే, అసలు కణితి ఎమ్మారైలో 2.8 సెంటీమీటర్లుగా కనిపించింది. అల్ట్రాసౌండ్ చెప్పిన దానికి దగ్గరగానే ఉంది. దానికి కాస్త ఎడంగా, అదే రొమ్ములో, 6 మిల్లీమీటర్ల మచ్చ మరొకటి ఉంది. కుడి రొమ్ములో కూడా ఒకటి కనిపించింది. ఆ రెండు చోట్లనూ ఎమ్మారై చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని అల్ట్రాసౌండ్‌తో మళ్ళీ వెతికారు. దీనినే సెకండ్ లుక్ అంటారు. రెండూ దొరికాయి, రెండింటి నుంచీ ముక్కలు తీశారు. దొరకని పక్షంలో ఎమ్మారై యంత్రంలోనే ఉంచి బయాప్సీ చేసే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఆ ఏర్పాటు తన దగ్గర గానీ, పంపించడానికి మరో చోట గానీ లేని కేంద్రం రొమ్ము ఎమ్మారై తీయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మచ్చను చూపించి, దాన్ని తేల్చలేకపోతే రోగికి మిగిలేది భయమే.

ఎడమ వైపు రెండో మచ్చ క్యాన్సరే. కుడి వైపుది ఫైబ్రోఎడినోమా, హానిలేని గడ్డ. ఒకే పరీక్ష ఒక వైపు మేలు చేసింది, మరో వైపు అనవసరంగా ఒక సూది గుచ్చించింది. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక రొమ్ములో క్యాన్సర్ తేలి, రెండో రొమ్ము మామోగ్రామ్‌లోనూ చేతి పరీక్షలోనూ మామూలుగానే ఉన్న 969 మంది మహిళలకు ఎమ్మారై తీస్తే, 121 మందికి రెండో రొమ్ము బయాప్సీ చేయవలసి వచ్చింది, అందులో 30 మందికి క్యాన్సర్ దొరికింది. అంటే నలుగురిలో ముగ్గురికి అక్కకు లాగే ఏమీ లేదని తేలింది. ఆ 30 మందిలో ఒకరి ఇంట్లో వారైతే ఎమ్మారైకి నూరు మార్కులు వేస్తారు, మిగిలిన 91 మంది ఇళ్ళలో ఎన్ని వేస్తారో చెప్పడం కష్టం.

అందరికీ ఎమ్మారై తీస్తే రెండోసారి ఆపరేషన్ చేయాల్సిన అవసరం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. బ్రిటన్‌లో 45 కేంద్రాల్లో 1,623 మంది మహిళలతో జరిగిన కోమీస్ అనే ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. ఎమ్మారై తీసిన వారిలోనూ, తీయని వారిలోనూ రెండోసారి ఆపరేషన్ అవసరమైన వారు సమానంగా 19 శాతమే. 2014లో స్వీడన్ నుంచి వచ్చిన ప్రయోగం ఇందుకు భిన్నంగా, 56 ఏళ్ళలోపు 440 మందిలో ఆ అవసరం 15 శాతం నుంచి 5 శాతానికి తగ్గిందని చూపింది. నాకు ఈ రెండింటి మధ్య వైరుధ్యం కంటే రోగుల ఎంపికలో తేడా ఎక్కువగా కనిపిస్తుంది: చిన్న వయసు, దట్టమైన రొమ్ములు ఉన్నవారిలో మామోగ్రామ్‌కు కనిపించనిది ఎక్కువ, కాబట్టి ఎమ్మారైకి చెప్పడానికి మిగిలేదీ ఎక్కువ. అరవై ఏళ్ళు దాటి, పలచని రొమ్ములో స్పష్టమైన చిన్న కణితి ఒక్కటే ఉన్న పెద్దావిడకు అదే పరీక్ష ఏం చెబుతుంది?

ఆ వారంలోనే సర్జన్, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని కేసులు చర్చించే సమావేశం జరిగింది. దాని తరువాత మమ్మల్ని పిలిచి తెర మీద చిత్రాలు చూపించారు. ఒకే రొమ్ములో రెండు చోట్ల క్యాన్సర్ అంటే రొమ్ము మొత్తం తీసేయాల్సిందేనన్నది చాలాకాలం పాటు నియమంగా నడిచింది. అక్క కూడా అందుకు మానసికంగా సిద్ధపడే వచ్చింది. సర్జన్ గారు అమెరికాలో జరిగిన జెడ్11102 అనే అధ్యయనం గురించి చెప్పారు. ఒకే రొమ్ములో రెండు లేదా మూడు చోట్ల కణితులున్న, 40 ఏళ్ళు దాటిన మహిళలకు రొమ్ము నిలిపి, కణితుల వరకే తీసి, రేడియేషన్ ఇచ్చారు; విశ్లేషించిన 204 మందిలో ఐదేళ్ళలో ఆ రొమ్ములో క్యాన్సర్ తిరిగి వచ్చింది 3.1 శాతం మందికే. అందులో మరో ముక్క ఉంది. ముందుగా ఎమ్మారై తీసిన వారిలో అది 1.7 శాతం కాగా, తీయని వారిలో 22.6 శాతం. తీయని వారు 15 మందే కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడకూడదని ఆయనే అన్నారు. అయినా ఒకటికి మించి కణితులున్నప్పుడు రొమ్మును నిలపదలిస్తే, మూడోది ఎక్కడా దాక్కుని లేదని ముందే చూసుకోవడం ఇంగితం.

“మీ రెండు మచ్చలూ ఒకే పాయలో ఉన్నాయి, ఒకే కోతలో రెండూ వస్తాయి, రొమ్ము ఆకారం పెద్దగా చెడదు. రొమ్ము మొత్తం తీసేయాలని మీరు కోరుకుంటే అదీ చేస్తాను, కానీ మీ చిత్రాలు మాత్రం తీయమని చెప్పడం లేదమ్మా” అన్నారాయన. అక్క తెరవైపు చాలాసేపు చూసి, “అయితే ఉంచండి డాక్టరు గారూ” అంది. నేను చూసిన ఐదు వారాల్లో చిత్రాలు తమ పని పూర్తిగా చేసింది ఆ క్షణంలోనే.

చంక సంగతి వేరే. ఇక్కడ నా అంచనా తప్పింది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. చంకలోని గ్రంథులను అల్ట్రాసౌండ్‌లో చూసినప్పుడు, గ్రంథి పైపొర 3 మిల్లీమీటర్లకు మించి మందంగా ఉన్నా, మధ్యలో తెల్లగా కనిపించే కొవ్వు భాగం మాయమైనా అనుమానిస్తారు. అక్కకు అలాంటివేవీ లేవు. నేను అప్పటికే సౌండ్ అనే ప్రయోగం గురించి చదివి ఉన్నాను. 2 సెంటీమీటర్ల లోపు కణితి ఉండి, చంక అల్ట్రాసౌండ్ మామూలుగా ఉన్న 1,405 మందిని పోల్చి చూస్తే, సెంటినెల్ గ్రంథులు, అంటే కణితి నుంచి క్యాన్సర్ మొదట చేరే చంక గ్రంథులు, తీసిన వారిలో ఐదేళ్ళ పాటు దూర భాగాలకు వ్యాధి పాకకుండా జీవించినవారు 97.7 శాతం, చంకను అసలే ముట్టుకోని వారిలో 98.0 శాతం. ఇది 2023లో వెలువడింది. తరువాత జర్మనీ, ఆస్ట్రియాలలో జరిగిన ఇన్సెమా ప్రయోగం కూడా అదే దారిలో, ఐదేళ్ళ పాటు వ్యాధి తిరగబెట్టకుండా జీవించినవారు గ్రంథులు తీసిన వారిలో 91.7 శాతం, తీయని వారిలో 91.9 శాతమని, అంటే తేడా లేదని చూపింది. మరి అక్కకు చంక ఆపరేషన్ ఎందుకు, గ్రంథులు తీస్తే వచ్చే చేయి వాపు ముప్పు తప్పించవచ్చు కదా అని అడిగాను.

సర్జన్ గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. 2025లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ చేసిన సిఫారసు ప్రకారం ఈ మినహాయింపు 50 ఏళ్ళు దాటి నెలసరి ఆగిపోయినవారికి, 2 సెంటీమీటర్ల లోపు కణితికి, హార్మోన్లకు స్పందించే, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేని, తక్కువ లేదా మధ్యస్థ గ్రేడ్ (కణాల ఉద్ధృతిని చెప్పే కొలత) రకానికి, అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా ఉన్నవారికి. అక్క వయసూ కుదరదు, కణితి పరిమాణమూ కుదరదు. పైగా ఆ సౌండ్ ప్రయోగంలోనే, అల్ట్రాసౌండ్ శుభ్రంగా ఉందన్న వారిలో గ్రంథులు తీసి చూస్తే 13.7 శాతం మందికి వాటిలో క్యాన్సర్ ఉంది. ఉన్నా వారికి నష్టం జరగలేదంటే, అందుకు వారు తక్కువ ముప్పున్న వర్గం కావడం, మిగతా చికిత్సలు తీసుకోవడం కారణం. చిత్రం ఒక్కటే చూసి ఎవరినీ ఎంపిక చేయరు, చిత్రంతో పాటు మనిషిని కూడా చూస్తారన్నది అప్పుడు బోధపడింది. సగం చదువుతో వాదనకు దిగినందుకు కాస్త సిగ్గుపడ్డాను కూడా.

వేచి ఉండే హాలులో అక్కకు పరిచయమైన ఒకావిడది మరో రకం కథ. ఆమెకు ముందు కీమోథెరపీ ఇచ్చారు. ఆరు విడతల తరువాత ఎమ్మారైలో కణితి జాడ లేదు. “లేనిదానికి కోత ఎందుకమ్మా” అని ఆమె వాదన. వినడానికి సబబుగానే ఉంది. మేము అడిగితే రేడియాలజిస్టు గారు జవాబిచ్చారు: చిత్రంలో కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. చిత్రాల్లో కణితి కరిగిపోయిందనుకున్న వారికి సూదితో ముక్కలు తీసి చూసి, ఆ తరువాత ఆపరేషన్‌లో సరిచూసిన ఎన్‌ఆర్‌జీ బీఆర్005 ప్రయోగంలో, ‘ఏమీ లేదు’ అన్న బయాప్సీ మాట 77.5 శాతమే నిజమైంది. కనీసం 90 అయినా ఉండాలని వారు పెట్టుకున్న గీతకు అది చేరలేదు. దీనికి ఎదురుగా, ఎంపికను ఇంకా బిగించి, ట్రిపుల్ నెగెటివ్ (హార్మోన్లకూ స్పందించని, హెర్2 కూడా లేని) లేదా హెర్2 పాజిటివ్ రకం వారిని మాత్రమే తీసుకుని, లావుపాటి సూదితో కనీసం 12 ముక్కలు తీసి పరీక్షించిన టెక్సాస్ ఎం.డి. ఆండర్సన్ అధ్యయనంలో, 50 మందిలో 31 మందికి క్యాన్సర్ మిగలలేదని తేలి, ఆపరేషన్ లేకుండా రేడియేషన్ మాత్రమే ఇచ్చారు. 2022లో ఆ ఫలితాలు వెలువడే నాటికి, సగటున రెండేళ్ళ పైచిలుకు కాలంలో, వారిలో ఎవరికీ ఆ రొమ్ములో వ్యాధి తిరిగి రాలేదు. ఇది ప్రయోగ దశలోనే ఉంది; ప్రయోగంలో చేరకుండా ఎవరికి వారు తీసుకోదగ్గ నిర్ణయం కాదు. ఆవిడ ఆపరేషన్‌కు ఒప్పుకుందని తరువాత తెలిసింది.

రేడియేషన్ తప్పించడానికి ఎమ్మారైని వాడిన ఆస్ట్రేలియా ప్రయోగం, ప్రాస్పెక్ట్, నాకు మరీ ఆసక్తిగా తోచింది. 50 ఏళ్ళు దాటి, చిన్న కణితి ఒక్కటే ఉన్న 443 మందికి ఎమ్మారై తీస్తే 48 మందిలో, అంటే 11 శాతం మందిలో, అంతకుముందు కనిపించని క్యాన్సర్ మరొకటి దొరికింది. ఎమ్మారై శుభ్రంగా ఉండి, ఆపరేషన్ తరువాత పాథాలజీ కూడా అనుకూలంగా వచ్చిన 201 మందికి రేడియేషన్ ఇవ్వలేదు. ఐదేళ్ళలో ఆ రొమ్ములో వ్యాధి తిరిగివచ్చింది 1.0 శాతం మందికి. అక్కకు ఇది వర్తించదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

వ్యాధి ఒంట్లో ఇంకెక్కడైనా ఉందేమో వెతికే పెట్ సీటీ స్కాన్ కూడా తీయిస్తే పోలేదా అని బంధువులు పట్టుబట్టారు. తొలి దశలో, ఒంట్లో వేరే బాధలేవీ లేనప్పుడు అది ఇచ్చేది సమాచారం కంటే సందేహాలే ఎక్కువని సర్జన్ గారు రాయడానికి నిరాకరించారు. అడిగిన పరీక్షనల్లా రాసిచ్చే చోట్లు చూసినదాన్ని కాబట్టి ఈ నిరాకరణకు అర మార్కు అదనంగా వేశాను.

ఆపరేషన్ ఉదయం అల్ట్రాసౌండ్ సాయంతో రెండు సన్నని తీగలు దింపారు, ఒకటి మొదటి క్లిప్ దగ్గర, రెండోది చిన్న మచ్చ దగ్గర పెట్టిన రెండో క్లిప్ వద్ద. ఎమ్మారైలో రొమ్ము వేలాడుతూ ఉంటుంది, ఆపరేషన్ బల్ల మీద మనిషి వెల్లకిలా ఉంటుంది; ఒకే కణితి రెండు స్థితుల్లో కొన్ని సెంటీమీటర్లు జరుగుతుంది. ఎమ్మారై చూసి నేరుగా కోత పెట్టడం కుదరదు, ఈ తీగలే దారి చూపాలి. తీసిన ముక్కను థియేటర్ నుంచే ఎక్స్‌రేకు పంపి, రెండు క్లిపులూ అందులో ఉన్నాయని చూసుకున్నాకే కుట్లు వేశారు. ఆ ఎక్స్‌రే ప్రతి మాకు తరువాత ఇచ్చారు. తెల్లటి ముద్దలో రెండు చిన్న మెరుపులు, రెండు తీగలు, పక్కన అంగుష్ఠమంత స్కేలు.

పది రోజులకు వచ్చిన పాథాలజీ నివేదికను చిత్రాల పక్కన పెట్టి చూస్తే తప్ప ఈ సమీక్ష పూర్తికాదు. అసలు కణితి 3.1 సెంటీమీటర్లు: మామోగ్రామ్ సగానికి పైగా తక్కువ చెప్పింది, అల్ట్రాసౌండ్ అర సెంటీమీటరు తక్కువ, ఎమ్మారై 3 మిల్లీమీటర్లు తక్కువ చెప్పాయి. రెండో మచ్చ 7 మిల్లీమీటర్లు. ముక్క అంచులకు పూసిన సిరాను క్యాన్సర్ కణాలు ఎక్కడా తాకలేదు. చొచ్చుకుపోయే రకం క్యాన్సర్‌కు అంతే చాలని 2014లో అమెరికా సర్జన్ల, రేడియేషన్ వైద్యుల సంఘాలు కలిసి తేల్చాయి. రెండోసారి ఆపరేషన్ అక్కర్లేకపోయింది. సెంటినెల్ గ్రంథులు రెండింటిలో ఒకదానిలో 1.5 మిల్లీమీటర్ల క్యాన్సర్ మరక ఉంది. అంత చిన్నదాన్ని అల్ట్రాసౌండ్ చూడలేదు. చూడగలదని ఎవరూ మాకు చెప్పలేదు కూడా. చంక ఆపరేషన్ వద్దని నేను వాదించినది గుర్తుచేసి అక్క ఇప్పటికీ ఆటపట్టిస్తూ ఉంటుంది.

కోసేసిన ఆ ఒక్క మార్కు లెక్క ఇది: ఆ ఫోన్‌కు అర, బల్ల అంచుకు పావు, మూడు నివేదికలను మూడు వేర్వేరు రోజుల్లో మూడు వేర్వేరు కౌంటర్ల వద్ద తీసుకోమన్నందుకు పావు. పెట్ సీటీ దగ్గర వేసిన అర మార్కు, రెండు వారాల్లో ముగిసేది ఐదు వారాలకు సాగినందుకు పోయింది. ఈ సేవ ఎవరికి పనికివస్తుందంటే, దట్టమైన రొమ్ములున్న చిన్న వయసువారికి, లోబ్యులర్ రకం తేలినవారికి, పరీక్షల మధ్య కొలతలు పొసగనివారికి, కీమో తరువాత ఎంత మిగిలిందో చూసుకోవాల్సినవారికి తప్పక పనికివస్తుంది. మిగతావారు ఎమ్మారై కాగితం చేతిలో పెట్టగానే, దాని మీద సర్జన్ రాసిన ప్రశ్న ఏమిటో చదవండి. ఖాళీగా ఉంటే, ఏం తెలుసుకోవడానికి పంపుతున్నారో అడిగి, రాయించుకుని వెళ్ళండి.

సలహాల పుస్తకంలో నేను రాసినదానికి నెల తరువాత జవాబు వచ్చింది. ఎమ్మారైకి ముందు ఇచ్చే కాగితం తయారవుతోందట. బల్ల అంచు గురించి మాత్రం ఏమీ రాయలేదు.